జ్వరంలో తీసిన కొలెస్ట్రాల్ రిపోర్టు చూసి మందు ఆపేయొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. ఈ ఏడాది మార్చిలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 148 ఉందని డాక్టరుగారు అటోర్వాస్టాటిన్ 10 మొదలుపెట్టారు. జూన్‌లో చూస్తే 96కి దిగింది, అప్పుడు హెచ్‌డీఎల్ 42. సెప్టెంబరు చివర్లో డెంగీ వచ్చి ఆస్పత్రిలో ఉన్నారు. ఇంటికి పంపే ముందు రోజు ప్యాకేజీ అని అన్ని పరీక్షలూ కలిపి చేశారు. అందులో మొత్తం కొలెస్ట్రాల్ 132, ఎల్‌డీఎల్ 54, హెచ్‌డీఎల్ 22, ట్రైగ్లిజరైడ్లు 280 వచ్చాయి. ‘ఇంత తగ్గాక ఇంకా ఆ మాత్ర ఎందుకు’ అని మా బాబాయి ఆపించేశారు. బొప్పాయాకు రసం వల్లే తగ్గిందని ఆయన నమ్మకం. అమ్మకేమో వేరే టెన్షన్. మాత్ర వేసి కొలెస్ట్రాల్ మరీ తగ్గించడం వల్లే ఒంట్లో శక్తి పోయి డెంగీ పట్టుకుందంటుంది. హెచ్‌డీఎల్ 22 అంటే గుండెకు ప్రమాదమని నేను నెట్‌లో చదివాను. ఇంటికొచ్చి రెండు వారాలైంది. మాత్ర ఆపి తప్పు చేశామా? చేపనూనె మాత్రలు వేయమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అన్నిటికన్నా ముందు మాత్ర సంగతి చెబుతాను. ఆ రిపోర్టులోని 54ను మీ నాన్నగారి అసలు ఎల్‌డీఎల్ అనుకోకండి. డెంగీ ఒంట్లో ఉన్న రోజుల్లో అది అక్కడికి పడిపోయింది, అంతే. పెళ్లి జరుగుతున్న వారం ఖర్చు రాసుకుని, మన ఇంటికి నెలకు ఇంతవుతుందని లెక్కగడితే ఎలా ఉంటుందో, జ్వరంలో తీసిన కొలెస్ట్రాల్‌ను బట్టి మందు ఉండాలా వద్దా అని తేల్చడం అలా ఉంటుంది. ఆ అంకె చూసి మాత్ర ఆపడం సరికాదు.

అలాగని ఈ జవాబు చదివిన వెంటనే మీ అంతట మీరే మళ్లీ మొదలుపెట్టవద్దు. డిశ్చార్జి సమ్మరీ తీసి, ఇంటి దగ్గర వాడమన్న మందుల్లో అటోర్వాస్టాటిన్ ఉందో లేదో చూడండి. డెంగీలో లివర్ ఎంజైములు, ముఖ్యంగా ఎస్‌జీఓటీ, పెరగడం చాలా మామూలు. కొందరిలో కండరాలు దెబ్బతిన్నప్పుడు పెరిగే సీపీకే కూడా పెరుగుతుంది. అలాంటప్పుడు డాక్టర్లు స్టాటిన్‌ను (అటోర్వాస్టాటిన్ ఆ కోవ మందే) కొన్ని రోజులు పక్కన పెట్టిస్తారు. లివర్ కుదుటపడే దాకా ఆగడమే అందులో ఉద్దేశం, కొలెస్ట్రాల్ తగ్గిపోయిందని కాదు. అందుకని ఈ వారంలోనే మీ షుగర్ డాక్టరుగారిని కలవండి. ఒక లివర్ పరీక్ష చేయించి, ఆయన సరే అన్న రోజు నుంచే మాత్ర మొదలుపెట్టించండి. రెండు వారాలు ఆపినందుకు కంగారుపడాల్సిందేమీ లేదు. అది రెండేళ్లు కాకుండా చూసుకోవాలి.

ఇప్పుడు 96 ఉన్న ఎల్‌డీఎల్ 54కు ఎలా పడిందో చూద్దాం. ఇది మీ ఇంట్లో మాత్రమే జరిగిన వింత కాదు. డెంగీ, మలేరియా, న్యుమోనియా, టీబీ, కోవిడ్ – ఏదైనా గట్టి ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు మనిషి రక్తంలో మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ మూడూ పడిపోతాయి. రక్తంలో తిరిగే మరో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు మాత్రం పైకి వెళతాయి. మీ నాన్నగారి రిపోర్టులో అచ్చంగా ఇదే ఉంది. ఇలాంటి కాగితం ఒకటి చేతికొస్తే పేషెంటును చూడకముందే ‘ఈయనకు ఈమధ్య జ్వరమేమైనా వచ్చిందా’ అని అడగాలనిపిస్తుంది.

సూక్ష్మజీవి లోపలికి రాగానే మన రోగనిరోధక కణాలు టీఎన్‌ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6 అనే రసాయనాలను రక్తంలోకి వదులుతాయి. జ్వరం తెచ్చేవీ, ఆకలి చంపేవీ ఇవే. ఇవి లివర్‌కు చేరాక అక్కడి పనులన్నీ తారుమారవుతాయి. మామూలు రోజుల్లో చేసే ప్రోటీన్లలో కొన్నిటిని లివర్ తగ్గించేసి, ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కోవడానికి పనికొచ్చే ప్రోటీన్లను పెద్ద ఎత్తున తయారుచేస్తుంది. కోవిడ్ రోజుల్లో అందరి నోటా విన్న సీఆర్‌పీ అలాంటిదే. రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మనం తిన్న తిండి నుంచి వచ్చింది కాదు, ఒంట్లోనే తయారైంది. దాన్ని ప్యాక్ చేసి రక్తంలోకి పంపడంలో, తిరిగి వెనక్కి తీసుకోవడంలో లివర్‌దే పెద్ద పాత్ర. కాబట్టి లివర్ పద్ధతి మారితే కొలెస్ట్రాల్ అంకెలు కూడా మారతాయి.

అన్నిటికన్నా త్వరగా దెబ్బతినేది హెచ్‌డీఎల్. మీరు చదివిన ‘మంచి కొలెస్ట్రాల్’ అదే. హెచ్‌డీఎల్ కణం మీద ఏపీఓ-ఏ1 అనే ప్రోటీన్ ఉంటుంది, అదే దానికి వెన్నెముక. ఇన్ఫెక్షన్ సమయంలో లివర్ సీరం అమైలాయిడ్ ఏ అనే మరో ప్రోటీన్‌ను వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు ఎక్కువగా చేస్తుంది. అది వచ్చి హెచ్‌డీఎల్ మీద కూర్చుని ఏపీఓ-ఏ1ను తోసేస్తుంది. ఆ కణంతో ఉండి పనిచేసే ఎంజైములు కూడా తగ్గుతాయి. హెచ్‌డీఎల్ అంకె పడిపోవడమే కాక, మిగిలినది కూడా మునుపటిలా పనిచేయదు. జూన్‌లో 42 ఉన్నది 22 అయిందంటే కారణం ఇదే. జ్వరం తగ్గి లివర్ తన మామూలు పనిలో పడ్డాక అది మళ్లీ పెరుగుతుంది. 22 చూసి గుండె గురించి ఇప్పుడు భయపడక్కర్లేదు, దాన్ని పెంచడానికి ఏ మాత్రా వేయక్కర్లేదు.

ట్రైగ్లిజరైడ్ల కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. న్యూయార్క్‌లోని రాకఫెలర్ విశ్వవిద్యాలయంలో ఆంథనీ సెరామీ అనే శాస్త్రవేత్త ట్రిపనోసోమా అనే పరాన్నజీవి సోకిన కుందేళ్లను గమనించారు. ఆఫ్రికాలో పశువులనూ మనుషులనూ పీడించే జాతి అది. ఆ కుందేళ్లు తిండి మానేసి, చిక్కి శల్యమైపోతుంటే, రక్తంలో మాత్రం కొవ్వు నిండిపోయి ఉంది. ఒళ్లంతా కరిగిపోతున్న జంతువు రక్తంలో అంత కొవ్వు ఎందుకుంది? రక్తంలోని ట్రైగ్లిజరైడ్లను విడగొట్టి కండరాలకూ కొవ్వు కణజాలానికీ అందించే లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైము మూలపడిందని ఆయన బృందం కనుక్కుంది. దాన్ని మూలపడేసే పదార్థానికి కాకెక్టిన్ అని పేరు పెట్టారు. దాన్ని శుద్ధి చేసి చూశాక 1985లో తేలిందేమిటంటే, అప్పటికే కేన్సర్ పరిశోధకులకు తెలిసిన టీఎన్‌ఎఫ్, ఈ కాకెక్టిన్ రెండూ ఒకటే. నేడు కీళ్లవాతానికి వాడే టీఎన్‌ఎఫ్ నిరోధక మందుల వెనక ఉన్న పరిశోధనల్లో ఆ కుందేళ్లదీ ఒకటి. మీ నాన్నగారి ఒంట్లోనూ అదే టీఎన్‌ఎఫ్ పనిచేసింది. లివర్ ట్రైగ్లిజరైడ్లను ఎక్కువగా పంపింది, వాటిని రక్తంలోంచి తీసేసే ఎంజైము మందగించింది.

దీనికి ఇంకో రెండు కారణాలు కలిశాయని నా అంచనా. షుగర్ ఉన్నవాళ్లకు ఇన్ఫెక్షన్‌లో షుగర్ పెరుగుతుంది, షుగర్‌తోపాటు ట్రైగ్లిజరైడ్లూ పెరుగుతాయి. పైగా డెంగీ అనగానే మన ఇళ్లలో దానిమ్మ రసం, కివీ జ్యూసు, కొబ్బరినీళ్లు, గ్లూకోజ్ పొడి గంటగంటకూ తాగిస్తాం. డెంగీలో ఒంట్లో నీరు తగ్గకుండా చూడడం చాలా అవసరం, అందులో తప్పులేదు. కానీ ఆ తీపంతా ట్రైగ్లిజరైడ్లలోకి కూడా చేరుతుంది. అందుకని 280కి చేపనూనె మాత్రలు వద్దు. అవి కొనే డబ్బుతో షుగర్ పరీక్ష చేయించండి. ఇంటికొచ్చాక కూడా జ్యూసులు కొనసాగుతుంటే ఆపించండి. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే వాటి గురించే విడిగా ఆలోచించాలి, వెయ్యి దాటితే పాంక్రియాస్ (క్లోమగ్రంథి) వాచే ప్రమాదం ఉంటుంది. మీ నాన్నగారు ఆ దరిదాపుల్లో లేరు.

ఇక ఎల్‌డీఎల్. ఇది తగ్గడానికి కారణం ఒకటని చెప్పలేం. లివర్ తయారీ మారుతుంది, ఒంట్లోని కణాలు కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా లాగేసుకుంటాయి, తిండి ఉండదు. డెంగీలో అదనంగా మరొకటుంది. సన్నని రక్తనాళాల గోడలు వదులై రక్తంలోని ద్రవ భాగమైన ప్లాస్మా బయటకు కారిపోతుంది, దాంతోపాటు కొలెస్ట్రాల్‌ను మోసే కణాలూ పోతాయి. తీవ్రమైన డెంగీలో మామూలు డెంగీలో కన్నా కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్ ఇంకా కిందికి పడతాయని చాలా దేశాల్లో గమనించారు. ఐసీయూలో సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితితో) ఉన్నవాళ్లలోనూ అంతే, కొలెస్ట్రాల్ ఎంత పడితే మనిషి పరిస్థితి అంత బాగోలేనట్టు లెక్క. ‘తగ్గింది, మంచిదే కదా’ అని మీ బాబాయిగారు సంతోషించిన అంకె నిజానికి జబ్బు తీవ్రతకు గుర్తు.

రిపోర్టును మరికాస్త దగ్గరగా చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. 132లోంచి హెచ్‌డీఎల్ 22 తీసేయండి, 110. ట్రైగ్లిజరైడ్లు 280ని ఐదుతో భాగిస్తే 56. 110లోంచి 56 తీసేస్తే సరిగ్గా 54. అంటే ల్యాబువాళ్లు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవలేదు, లెక్కగట్టి రాశారు. ఇది 1972లో ఫ్రీడ్‌వాల్డ్, ఆయన సహచరులు ఇచ్చిన సూత్రం. చాలా ల్యాబులు ఇప్పటికీ దాన్నే వాడతాయి, మామూలు మనిషికి అది బాగానే పనిచేస్తుంది. జూన్ రిపోర్టు మీద కూడా వేసి చూడండి, బహుశా అలాగే సరిపోతుంది. చిక్కెక్కడంటే, ట్రైగ్లిజరైడ్లు పెరిగేకొద్దీ, ఎల్‌డీఎల్ బాగా తక్కువగా ఉన్నప్పుడూ ఈ సూత్రం అసలుకన్నా తక్కువ చూపుతుంది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే అసలు వాడకూడదు. కాబట్టి ఎల్‌డీఎల్ నిజంగా తగ్గిన మాట వాస్తవమే అయినా, మరీ 54 అయి ఉండకపోవచ్చు. జ్వరం ట్రైగ్లిజరైడ్లను పెంచింది, ఆ పెరిగిన అంకె లెక్కలోకి దూరి ఎల్‌డీఎల్‌ను ఇంకాస్త కిందికి లాగింది.

బొప్పాయాకు రసం విషయం. డెంగీలో ప్లేట్‌లెట్ల కోసం మనవాళ్లు దాన్ని వాడతారు, ఆ కోణంలో కొన్ని పరిశోధనలూ జరిగాయి. కానీ కొలెస్ట్రాల్ తగ్గిన ఘనత దానికి ఇవ్వలేం. బొప్పాయి ఆకు మొహం చూడని డెంగీ పేషెంట్లలో కూడా కొలెస్ట్రాల్ ఇలాగే పడుతుంది. బాబాయిగారికి ఇంతకన్నా వాదన అవసరం లేదు.

అమ్మగారి ప్రశ్న దీనికన్నా లోతైనది, దాన్ని తీసిపారేయకూడదు. జబ్బుపడ్డవాళ్లలో కొలెస్ట్రాల్ తక్కువగా ఉండటం చూసి, తక్కువ కొలెస్ట్రాలే జబ్బులు తెస్తుందేమోనని డాక్టర్లూ చాలా ఏళ్లు ఆలోచించారు. ఆ ఆలోచనకు ఒక ఆధారం కూడా ఉంది. కొలెస్ట్రాల్‌ను మోసే కణాలు ఒట్టి కొవ్వు బళ్లు కావు, ఇన్ఫెక్షన్ మీద పోరాడతాయి కూడా. కొన్ని రకాల బ్యాక్టీరియా గోడల నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే విషాన్ని ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లను మోసే వీఎల్‌డీఎల్ పట్టుకుని నిర్వీర్యం చేసి లివర్‌కు చేరవేస్తాయి. కుందేళ్లకు సోకిన ట్రిపనోసోమా గురించి చెప్పాను కదా, పశువులకు వచ్చే రకం మనిషిని ఏమీ చేయలేదు. మన హెచ్‌డీఎల్‌లో ఏపీఓఎల్1 అనే ప్రోటీన్ ఉండి దాన్ని చంపేస్తుంది. కొలెస్ట్రాల్ అంటే శత్రువని మాత్రమే విన్నవాళ్లకు ఈ సంగతి తెలియాలని నాకెప్పుడూ అనిపిస్తుంది.

అయినా మీ నాన్నగారి విషయంలో అమ్మగారి అనుమానం నిలబడదు. ఆయన ఎల్‌డీఎల్ జూన్‌లో 96. అది మరీ తక్కువేమీ కాదు. ఎల్‌డీఎల్‌ను పెంచే పీసీఎస్‌కే9 అనే జన్యువు పుట్టుకతోనే పనిచేయనివాళ్లు లోకంలో కొందరున్నారు. ఆ జన్యువు రెండు ప్రతులూ పనిచేయని ఒక మహిళను అమెరికాలోని డల్లాస్ పరిశోధకులు గుర్తించి 2006లో వివరాలు ప్రచురించారు. ఆమె ఎల్‌డీఎల్ 14. ఆరోగ్యంగా ఉంది, పిల్లల తల్లి. స్టాటిన్లు వాడినవాళ్లకు ఇన్ఫెక్షన్లు ఎక్కువైనట్టు పెద్ద పెద్ద ట్రయల్స్‌లో కనబడలేదు. జబ్బు వచ్చాక కొలెస్ట్రాల్ పడుతుంది. ముందు కొలెస్ట్రాల్ పడి తర్వాత జబ్బు వచ్చినట్టు పైకి అనిపించేది చాలాసార్లు లోపల బయటపడకుండా ఉన్న టీబీ వల్లో, లివర్ జబ్బు వల్లో, కేన్సర్ వల్లో అయి ఉంటుంది. అమ్మగారికి ఇంకా సందేహముంటే, డెంగీ తెచ్చేది దోమ అని, అది పగలు కుడుతుందని, కూలరులోనూ పూలకుండీ కింద పళ్లెంలోనూ నిలిచిన నీళ్లలో పుడుతుందని చెప్పి, ఆ నీళ్లు పారబోయించండి. ఆవిడ ఆందోళనకు అదే సరైన పని.

ఈ తీరు అన్ని ఇన్ఫెక్షన్లలోనూ ఒకేలా ఉండదు. మామూలు జలుబులో తేడా కొద్దిగానే ఉంటుంది. టీబీలాంటి దీర్ఘకాలిక జబ్బులో నెలల తరబడి కొలెస్ట్రాల్ తక్కువగా ఉండి, మందులు వాడి బరువు పెరిగేకొద్దీ పైకి వస్తుంది. హెచ్‌ఐవీలో ముందు హెచ్‌డీఎల్, తర్వాత ఎల్‌డీఎల్ తగ్గి, జబ్బు ముదిరాక ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. మందులు మొదలుపెట్టాక లెక్క మళ్లీ మారుతుంది. హెపటైటిస్ సి వైరస్ అయితే లివర్‌లోని కొవ్వు రవాణానే తన ప్రయాణానికి వాడుకుంటుంది, అందుకని ఆ పేషెంట్లకు ఎల్‌డీఎల్ తక్కువ. కొత్త మాత్రలతో వైరస్ పోగానే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. జబ్బు నయమయ్యాక కొలెస్ట్రాల్ పెరిగిందేమిటని వాళ్లు భయపడుతుంటారు. అది మందు చేసిన చెడు కాదు, లివర్ తన పద్ధతికి తిరిగొచ్చింది.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చాలి. జ్వరంలో ఎల్‌డీఎల్ తగ్గింది కాబట్టి ఆ రోజుల్లో గుండెకు రక్షణ ఉంటుందని అనుకోవద్దు. కెనడాలోని ఒంటారియోలో ఫ్లూ నిర్ధారణ అయినవాళ్లను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఫ్లూ బయటపడ్డ మొదటి ఏడు రోజుల్లో గుండెపోటు అవకాశం మామూలు రోజులకన్నా ఆరు రెట్లు ఉందని తేలింది. ఇన్ఫెక్షన్ రక్తాన్ని గడ్డకట్టే వైపు నెడుతుంది, రక్తనాళాల్లో ఏళ్ల తరబడి పేరుకున్న పూడికను కదిలిస్తుంది. ఆ పూడిక ఒక్క వారం ఎల్‌డీఎల్ తగ్గితే కరిగేది కాదు. షుగర్ ఉండి 40 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లకు, గుండెజబ్బు లేకపోయినా స్టాటిన్ ఇవ్వమని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నది అందుకే. మీ నాన్నగారికి ఆ మాత్ర రాసింది 148 అనే అంకె చూసి మాత్రమే కాదు. వయసు, షుగర్ రెండూ కలిపి చూసి రాశారు. డాక్టరుగారిని కలిసినప్పుడు ఏటా వేయించుకునే ఫ్లూ టీకా గురించి కూడా అడగండి.

మళ్లీ పరీక్ష ఎప్పుడు? చిన్నపాటి జ్వరం తర్వాత కనీసం మూడు వారాలు ఆగాలి. ఆస్పత్రిలో చేరాల్సినంత జబ్బు, ఆపరేషన్, పెద్ద దెబ్బ తర్వాత మూడు నెలలు ఆగడం మంచిది. మీ నాన్నగారికైతే డిసెంబరు చివర్లో, సంక్రాంతి పిండివంటలు మొదలవకముందే చేయించండి. ఆ పరీక్ష నాటికి మాత్ర కనీసం ఆరు వారాలుగా రోజూ వేసుకుంటూ ఉండాలి, అప్పుడే అది ఎంతవరకు పనిచేస్తోందో తెలుస్తుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ వచ్చాయి కాబట్టి ఈసారి పరగడుపున ఇవ్వడం మేలు. ఆ వారంలో దగ్గో, జ్వరమో, పంటి వాపో ఉంటే వాయిదా వేయండి. జూన్ రిపోర్టునూ, ఆస్పత్రి రిపోర్టునూ రెండూ దాచండి, కానీ ఆస్పత్రి రిపోర్టు మీద పెన్నుతో ‘డెంగీ సమయంలో’ అని రాసి పెట్టండి. రెండేళ్ల తర్వాత ఫైలు తిరగేసే కొత్త డాక్టరుకు ఆ రెండు ముక్కలే ఎంతో పనికొస్తాయి.

ఆస్పత్రుల్లో ప్యాకేజీ పేరుతో జ్వరం పేషెంటుకు లిపిడ్ ప్రొఫైల్ (ఈ కొలెస్ట్రాల్ పరీక్షే) చేయడం మీద నాకు అభ్యంతరముంది. గుండెపోటుతో వచ్చినవాళ్లకు మొదటి 24 గంటల్లో ఆ పరీక్ష చేయడంలో అర్థముంది, తర్వాత అంకెలు పడిపోతాయి కాబట్టి. డెంగీతో వచ్చి, ప్లేట్‌లెట్లు చూసుకుంటూ మంచం మీద ఉన్నవాళ్లకు ఆ పరీక్ష ఏ నిర్ణయానికీ ఉపయోగపడదు. ఇంకోసారి ఎవరికైనా ఇలా జరిగితే ‘జ్వరం తగ్గాక చేయించుకుంటాం’ అని చెప్పే హక్కు మీకుంది.

చివరగా ఒక జాగ్రత్త. స్టాటిన్ వేసుకునేవాళ్లకు జ్వరమో, గొంతునొప్పో వస్తే కొన్ని యాంటీబయోటిక్స్ దానితో పడవు. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ అటోర్వాస్టాటిన్‌ను రక్తంలో పెంచేస్తాయి, దాంతో కండరాలు దెబ్బతినొచ్చు. ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్ కూడా అంతే. టీబీ మందు రిఫాంపిసిన్ దీనికి ఎదురు, స్టాటిన్ ప్రభావాన్ని తగ్గిస్తుంది. అందుకని జ్వరానికి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, మెడికల్ షాపులో మందు తీసుకున్నా, నాన్నగారు అటోర్వాస్టాటిన్ వాడుతున్నారని ముందే చెప్పండి. ఆ మందులు కలిసినప్పుడు తొడలూ భుజాలూ విపరీతంగా నొప్పిపుడితే, మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే, మర్నాటి దాకా ఆగకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.